మీటకు రెండు వైపులా

మిల్లు ఆగిన సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు వంటింటి బల్బుకు తెలిసింది. పొద్దున్నే అత్తయ్య స్విచ్ వేయగానే అది ఎన్నడూ లేనంత తెల్లగా వెలిగి, గిన్నెల అడుగున మసితో సహా చూపించి, ఫట్‌మని పేలింది. "ఈ వయసులో నాకింత వెలుగెందుకే" అని అత్తయ్య బల్బును తిట్టి గాజుముక్కలు ఊడ్చింది. కొత్తది పెట్టాం. మూడో రోజుకు అదీ పోయింది.

ఆ వేసవిలో ఇంట్లో ఉన్నది నలుగురం. మామయ్య బట్టల మిల్లులో ఎలక్ట్రీషియను, ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. పొద్దున ఆరుకు పది నిమిషాల ముందు మిల్లు మొత్తానికి మెయిన్ స్విచ్ వేసేది ఆయనే కాబట్టి తోటివాళ్ళు ఆయన్ని 'మెయిన్‌గారు' అని పిలిచేవాళ్ళు. మా ఆయన లారీ ఎక్కి వెళ్ళాడంటే మళ్ళీ వారానికో పదిరోజులకో కనిపించేవాడు. ఇక నేను. పెళ్ళయి రెండేళ్ళు, చదువు కొంచెం, నోరు పెద్దది. ఆ నోటితోనే ఒక ఉద్యోగం సంపాదించుకున్నాను. చూపులేని పిల్లల బడికి పాఠపుస్తకాలు గట్టిగా చదివి క్యాసెట్ల మీద ఎక్కించి ఇవ్వాలి. "వాగినందుకు జీతమిచ్చే చోటు ఉందని ముందే తెలిస్తే నేనీపాటికి మేడ కట్టేదాన్ని" అనేది అత్తయ్య.

సమ్మె మొదలైన నాలుగో రోజు మిల్లు వాళ్ళు గేటుకు తాళం వేశారు. ఆ మధ్యాహ్నం మామయ్య పనిముట్ల సంచీతో పాటు ఎప్పుడో పాతసామాను కింద కొనుక్కున్న వోల్టు మీటరును కూడా లాకరులోంచి తీసుకొచ్చేశాడు. పళ్ళెమంత గుండ్రటి మీటరు. హాల్లో గడియారం పక్కన మేకు కొట్టి తగిలించి, రెండు తీగలు కలిపాడు. ముల్లు వణికి వణికి రెండు వందల అరవై ఎనిమిది దగ్గర నిలబడింది.

"చూశావా అమ్మాయ్? మన వీధీ మిల్లూ ఒకే లైను మీద ఉన్నాయి. మిల్లు లాగినంత లాగితే మనదాకా వచ్చేది రెండొందల ముప్పై ఎనిమిది. అదైనా మిగలాలని కరెంటు బోర్డు వాళ్ళు మన వీధి ట్రాన్స్‌ఫార్మర్‌ని పైమెట్టు మీద పెట్టి, కాస్త ఎక్కువ వోల్టేజీ ఇచ్చేలా ఉంచారు. ఇప్పుడు లాగేవాడు లేడు. ఉన్నదంతా వచ్చి మన బల్బుల నెత్తిన పడుతోంది."

"అయితే ఆ మెట్టు కాస్త దించమని బోర్డుకు అర్జీ పెడదాం మామయ్యా. నేను రాస్తాను."

"వద్దు."

ఆయన ఒక్క మాటతో సరిపెట్టే మనిషి కాదు. నేను ఎదురుచూశాను. సంచీ తాడు రెండుసార్లు ముడేసి విప్పాక అన్నాడు.

"ఇవాళో రేపో తాళం తీస్తారు. మిల్లు లేచాక మెట్టు కిందుంటే మన ఇళ్ళల్లో వెలిగేవి దీపాలు కావు, మిణుగురు పురుగులు. అదీగాక, మిల్లు ఇంక నడవదని మన చేత్తో మనం రాసిచ్చినట్టు ఉంటుంది. అర్జీ మాట ఎత్తకు."

నేను ఎత్తలేదు. అప్పటికి.

ఇవాళో రేపో అన్నది రెండు వారాలైంది. మామయ్య అలవాటు ప్రకారం నాలుగున్నరకు లేచి, గడ్డం గీసుకుని, ఖాకీ చొక్కా తొడుక్కుని, ఆ తర్వాత ఏం చేయాలో తెలియక కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. తోటివాళ్ళలో కొందరు వేరే పనుల్లో కుదురుకున్నారు. అత్తయ్య తమ్ముడు వచ్చి, ఆసుపత్రిలో జనరేటరు చూసుకునే పని ఒకటుంది, బావకైతే కళ్ళు మూసుకుని ఇస్తారని చెప్పాడు. "రేపు గేటు తెరిస్తే మెయిన్ ఎవరేస్తారు, మీ అక్కా?" అని మామయ్య అతన్ని టీ ఇచ్చి పంపేశాడు. ఆయనకు కావలసింది ఒక్కటే, మళ్ళీ ఒక పొద్దున వెళ్ళి ఆ స్విచ్ వేయడం. ఆ సంగతి మా అందరికీ తెలుసు. అది జరిగేటట్టు లేదన్న సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

అదే వారంలో బడివాళ్ళు నా క్యాసెట్లు రెండు తిప్పి పంపారు. వెళ్ళి అడిగితే పెద్దమాస్టారు, ఆయనకూ చూపు లేదు, మెల్లగా చెప్పాడు. "నీ గొంతుకు వంక లేదమ్మా. మధ్యమధ్యలో టక్కుమంటోంది. మా పిల్లలకు ప్రతి చప్పుడుకీ ఒక అర్థం ఉంటుంది. ఎవరో తలుపు తీశారనుకుని తలలు తిప్పుతున్నారు. ఈలోపు పాఠం దాటిపోతోంది."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే, "ఫ్రిజ్ చేసే పని అది. ఇప్పుడు ఫ్రిజ్‌ని అమ్మేద్దామా, నిన్నమ్మేద్దామా?" అంది అత్తయ్య. మామయ్య మాత్రం కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు. రెండు వారాల్లో ఆయన అలా లేవడం నేను చూడలేదు.

"ఏదీ, వినిపించు."

విన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇది ఫ్రిజ్. ఇది ఫ్యాను. ఇది పక్కింటి వాళ్ళ నీళ్ళ మోటారు. ఇదిగో ఇది, ట్యూబులైటు స్టార్టరు." నేను చదివిన పాఠం ఏమిటో ఆయనకు ఒక్క ముక్క తలకెక్కి ఉండదు. టక్కులన్నీ మాత్రం పేరుపేరునా చెప్పాడు.

మర్నాటి నుంచి ఇంట్లో వేట మొదలైంది. మామయ్య చిన్న రేడియో చంకన పెట్టుకుని, ఏ స్టేషనూ లేని చోటికి దాని ముల్లు తిప్పి, గదిగదికీ తిరిగేవాడు. ఎక్కడ ఏ స్విచ్ మెదిలినా రేడియో చిటపటమనేది. స్విచ్‌లు వేసే డ్యూటీ అత్తయ్యది. "వెయ్యి. ఆపు. మళ్ళీ వెయ్యి" అని ఆయన కేకలు. "పెళ్ళయిన కొత్తలో కూడా నన్నిన్ని సార్లు పిలవలేదమ్మా ఈ మనిషి" అని ఆవిడ విసుక్కుంటూనే గది గదికీ పరిగెత్తేది. ఆవిడ మొహం తేటపడి చాలా రోజులైందని అప్పుడే గమనించాను.

"మోటారులో పారే కరెంటు ఉరికే ఎద్దు లాంటిదమ్మాయ్" అన్నాడు ఫ్రిజ్ వెనక కూర్చుని. "స్విచ్ ఆపాం కదా అని టపీమని ఆగదు. స్విచ్ లోపల సందులోంచి నిప్పురవ్వై దూకుతుంది. ఆ దూకుడే నీ క్యాసెట్‌లో టక్కు."

"మరి దాన్ని ఆపేదెలా?"

"ఆపకూడదు. పక్కన చిన్న సందు ఒకటి చూపించాలి. అందులోకెళ్ళి కాసేపు అటూఇటూ తిరిగి, దానంతటదే చల్లబడుతుంది." చేతిలో గోరంత కెపాసిటరు, దానికి తోకలా అతికించిన రెసిస్టరు. ఆ జంటను స్విచ్ రెండు కొసల మధ్య కలిపాడు. ఫ్రిజ్ ఆగింది. రేడియో నోరెత్తలేదు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అలాంటిది ఇంకోటి తయారుచేసి మీకూ తగిలించుకోండి" అంది. మామయ్య నవ్వాడు గానీ, మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఒక్కొక్క టక్కూ తగ్గుతూ వచ్చింది, వోల్టేజీ మాత్రం తగ్గలేదు. ఒక రోజు పాఠం మధ్యలో మాడు వాసన వేసింది. టేపురికార్డరుకు కరెంటిచ్చే ఎలిమినేటరు కరిగి బల్లకు అంటుకుపోయింది. నాకు తిక్కరేగింది. మామయ్య బజారుకు వెళ్ళిన సమయం చూసి కాగితం తీసి, మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ మెట్టు దించవలసిందిగా ప్రార్థన అని, గుండ్రటి అక్షరాలతో అర్జీ రాసి, పక్కింటావిడ బోర్డు ఆఫీసు మీదుగా వెళుతుంటే ఆమె చేతికిచ్చాను. మామయ్యతో చెప్పలేదు. అత్తయ్యతోనూ చెప్పలేదు. ఆ ఆఫీసులో కాగితాలకు కాళ్ళుండవు. వారమైంది, రెండు వారాలైంది, ఎవరూ రాలేదు. నేనూ మరిచిపోయాను.

ఈలోపు మామయ్య తన దారిన తను వోల్టేజీ పని పట్టాడు. మంచం కింద ఏళ్ళ తరబడి పడున్న పాత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి బయటికి లాగి, దాని పై చుట్టంతా విప్పి, లావు రాగితీగతో మళ్ళీ చుట్టడానికి కూర్చున్నాడు. చుట్లు గట్టిగా లెక్కపెట్టడం నా వంతు. "బడిపిల్లలకు చదివినట్టు చదువు, తప్పితే మళ్ళీ మొదట్నించీ" అన్నాడు. రెండు మధ్యాహ్నాలు ఆయన చుట్టాడు, నేను లెక్కపెట్టాను. నా జీవితంలో అంత శ్రద్ధగా నా మాట విన్న మనిషి ఇంకొకరు లేరు.

మూడో రోజు కలిపి స్విచ్ వేశాడు. చేతిమీటరు రెండు వందల తొంభై ఎనిమిదికి ఎగిరింది, హాల్లో బల్బు ఫట్‌మంది.

"తగ్గించమంటే పెంచారేంటి!" అని అరిచింది అత్తయ్య. "ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టేస్తారా ఏం?"

"కొసలు తిరగబడ్డాయి, అంతే." మామయ్య కొంచెం కూడా సిగ్గుపడకుండా రెండు తీగలు అటుదిటు మార్చాడు. ముప్పై వోల్టులు కలిపిన ట్రాన్స్‌ఫార్మరు ఈసారి బుద్ధిగా ముప్పై వోల్టులు తీసేసింది. రెండొందల ముప్పై ఎనిమిది. మిల్లు నడిచిన రోజుల్లో మా ఇంటికి వచ్చినంత, ఒక్క వోల్టు అటూఇటూ లేకుండా.

దాన్నంతా రేకుపెట్టెలో బిగించి మీటరు కింద గోడకు తగిలించాడు. గోడ మీటరును మాత్రం పెట్టెకు ముందే, వీధి లైనుకే ఉంచాడు; దాని ముల్లు రెండొందల అరవై ఎనిమిది దగ్గరే ఉంది. పెట్టె ముందు నల్లటి మీట. దానికి రెండు వైపులా తెల్లరంగుతో రాశాడు. ఎడమవైపు 'మిల్లు ఆగినప్పుడు'. కుడివైపు, ఇంకాస్త పెద్ద అక్షరాలతో, 'మిల్లు నడిచేటప్పుడు'.

"మిల్లు లేచిన రోజు లైను దానంతటదే కిందికొస్తుంది. అప్పుడు ఇది కుడికి తిప్పాలి. లేకపోతే ఉన్నదాంట్లోంచి ఇంకో ముప్పై పోయి దీపాలు గుడ్డివవుతాయి. తిప్పేది నేను. మీరెవరూ ముట్టుకోకండి."

మీట అటూ ఇటూ తిప్పి చూపించాడు. టక్కుమంది.

"దీనికి పెట్టలేదే మీ కెపాసిటరు?"

"దీనికెందుకు? దీని చప్పుడు నాకు వినపడాలి."

ఆ వారం నేను చదివిన పాఠాల్లో ఒక్క మరక లేదు. నేను గదిలో చదువుతుంటే మామయ్య తలుపు బయట స్టూలు మీద కూర్చుని కాపలా కాసేవాడు. ఒక పాఠం అయ్యాక నేను చదివిందంతా తిప్పి వేశాను. ఇద్దరం విన్నాం. ఫ్రిజ్ లేదు, ఫ్యాను లేదు, పక్కింటి మోటారు లేదు. నా గొంతు, దాని చుట్టూ నిశ్శబ్దం.

"ఇప్పుడు ఏమీ వినపడటం లేదు" అన్నాడు గర్వంగా. కాసేపటికి మళ్ళీ అన్నాడు. "మరీ ఏమీ వినపడటం లేదమ్మాయ్."

నేను క్యాసెట్ ఆపాను.

"మిల్లులో మోటార్లన్నీ ఒక్కసారి లేపకూడదు, లైను కూలబడుతుంది. ముందు గాలి మోటార్లు. తర్వాత మొదటి హాలు. అది కుదురుకున్నాక రెండోది. ఆఖరిది కూడా లేచేసరికి నేలలోంచి సన్నగా ఒక వణుకొచ్చి అరికాళ్ళకు తగులుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ వణుకుతోనే నాకు తెల్లారింది. ఇప్పుడు లేచి కాలు కింద పెడితే నేల చచ్చినట్టుంటుంది."

ఏ తలుపైనా తట్టి ఎవరి కాళ్ళయినా పట్టుకుని ఆ మిల్లు తెరిపించగలిగితే ఆ క్షణాన తెరిపించేదాన్ని.

తొలకరి పడిన రోజది. మామయ్య ఏదో కెపాసిటరు కోసం బజారుకెళ్ళాడు. పదింటికి కరెంటు పోయింది. మబ్బు పట్టింది కదా అని నేను పట్టించుకోలేదు. గంటన్నర తర్వాత కరెంటొచ్చింది, ఫ్యాను మాత్రం నీరసంగా తిరుగుతోంది. ఎవరో తలుపు కొట్టారు. నిచ్చెన భుజాన పెట్టుకుని లైన్‌మన్.

"అర్జీ పెట్టింది ఈ ఇంటివాళ్ళేనా? మెట్టు దించేశామమ్మా, అడుగుదాకా. ఇంక మీ బల్బులు నిక్షేపంగా ఉంటాయి. ఇక్కడ సంతకం చెయ్యండి."

రెండున్నర నెలల నాటి కాగితం. సంతకం చేశాను. మళ్ళీ పైకి పెట్టమని ఎలా అడగాలో ఆలోచించేలోపు అతను వీధి మలుపు తిరిగాడు. వాన మొదలైంది. గోడ మీద ముల్లు రెండు వందల ముప్పై ఎనిమిది చూపిస్తోంది.

మామయ్య రాగానే చెప్పేద్దామనుకున్నాను. తిడతాడు, తిట్టనీ అనుకున్నాను. ఆయన తడుస్తూ వచ్చాడు. చెప్పులు విప్పడానికి ముందు, రోజూ లాగే, మీటరు వైపు చూశాడు. ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా అలాగే నిలబడిపోయాడు.

"అమ్మాయ్." మీటరు వైపు వేలు చూపించాడు. "లేచింది."

నేరుగా పెట్టె దగ్గరికి వెళ్ళి, తడిచేయి చొక్కాకు తుడుచుకుని, మీట పట్టుకుని కుడికి తిప్పాడు. టక్. ఫ్యాను వేగం అందుకుంది.

"ఏమే! మిల్లు లేచింది! రెండింటి షిఫ్టు అందుకోవచ్చు, నా డబ్బా సర్దు!"

"ఎవరు చెప్పారు?" అంటూ అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మనుషులు చెప్పాలా? ముల్లు చెబుతోంది చూడు!"

అత్తయ్య చూసింది. ఆవిడకూ ఆ లెక్క తెలుసు. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, "వెళ్ళండి బాబూ, నా ఇంటికి పట్టిన పీడ విరగడైంది" అంటూ వంటింట్లోకి పరిగెత్తింది. మామయ్య ఇస్త్రీ చేసిన ఖాకీ జత తీశాడు. బూట్లు తుడిచాడు. పనిముట్ల సంచీ దులిపి, ఒక్కొక్కటీ చూసి లోపల పెట్టాడు. అద్దంలో చూసుకుని తల దువ్వుకున్నాడు. ఇరవై ఏళ్ళు తగ్గిపోయినట్టున్నాడు.

నాకు నోరు పెద్దదని చెప్పాను కదా. ఆ పూట ఆ నోరు ఎక్కడికి పోయిందో.

"మామయ్యా" అన్నాను ఆయన గుమ్మం దాటబోతుంటే.

వెనక్కి తిరిగాడు. ఆ మొహం చూశాను.

"గొడుగు తీసుకెళ్ళండి" అన్నాను.

ఆయన మలుపు తిరిగాక అత్తయ్యకు మొత్తం చెప్పాను. ఆవిడ నిలబడ్డచోటే నేల మీద కూర్చుంది. తిడితే బాగుండుననిపించింది. చివరికి, "నేనైనా చెప్పలేకపోయేదాన్నేమోలే" అని, లేచి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా వెలిగించి, మళ్ళీ ఆర్పింది.

గేటు మా ఇంటికి గంట నడక. వెళ్ళడానికి గంట, రావడానికి గంట. ఆయన వచ్చేసరికి నాలుగు గంటలు పట్టింది. ఇంకా వెలుతురు ఉంది. గొడుగు మడిచి గుమ్మం పక్కన ఆనించాడు. డబ్బా అత్తయ్య చేతికిచ్చాడు. ఖాళీగా ఉంది. వాచ్‌మన్, తనూ కలిసి తిన్నారట.

నేను ఆయన మొహం చూడలేక పెట్టె దగ్గరికి వెళ్ళి, మీట ఎడమకు తిప్పేద్దామని చెయ్యి వేశాను.

"ముట్టుకోకు" అన్నాడు. కోపంగా కాదు. "లైను రెండొందల ముప్పై ఎనిమిదిలో ఉంది. ఇప్పుడు దానికి అదే సరైన వైపు."

కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటూ చెప్పాడు. "రెండో హాలు మోటార్లు పోయిన నెలే లారీలెక్కాయట. వెనక గేటు నుంచి తీసుకెళ్ళారు, అందుకే మనవాళ్ళెవరికీ తెలియలేదు. మెయిన్ స్విచ్ కూడా విప్పేశారు. గోడకు నాలుగు బోల్టు కన్నాలు మిగిలాయి. వేలు పెట్టి చూశాను."

అత్తయ్య ఆయన చేతిలోంచి బూటు తీసుకుంది.

"వచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర లైన్‌మన్ కనిపించాడు" అన్నాడు నా వైపు చూడకుండా. "అర్జీ రాసినావిడ చేతిరాత ముత్యాలకోవలా ఉందని మెచ్చుకున్నాడు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "చెప్పి ఉండాల్సింది మామయ్యా. మీరు బూట్లు తుడుచుకుంటున్నప్పుడైనా చెప్పాల్సింది."

"చెప్పుంటే వెళ్ళేవాణ్ణి కాదు కదా." రెండో బూటు విప్పి, రెండూ పక్కపక్కన సరిగ్గా పెట్టాడు. "ఇక్కణ్ణించి గేటు దాకా మిల్లు నడిచిందమ్మా. గంటసేపు. చాల్లే."

ఆ సోమవారమే మామయ్య తన బావమరిదికి కబురు పెట్టి, ఆసుపత్రిలో జనరేటరు పనిలో చేరాడు. తొమ్మిదేళ్ళు చేశాడు. ఎవరినీ నొప్పించకుండా, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా చేశాడు. సాయంత్రాలు వీధివాళ్ళ ఇళ్ళల్లో టక్కులు మాన్పేవాడు. మిల్లు మాట మళ్ళీ ఆయన నోట నేను వినలేదు. నేను ఆ బడికి ఇంకా చదువుతూనే ఉన్నాను.

ఆయన పోయాక ఇంటి వైరింగు మార్పించాం. ఆ పెట్టెతో ఇప్పుడు పనేమీ లేదు, తీసేద్దామని వైరింగు చేసినతను అన్నాడు. ఆ సంగతి నాకూ తెలుసు. ఉండనివ్వమన్నాను. ఎడమవైపు రాత చాలావరకు చెరిగిపోయింది. కుడివైపు అక్షరాల మీద గుడ్డ గట్టిగా రుద్దను.

ముట్టుకోవద్దని ఆయన చెప్పిన మాట ఇన్నేళ్ళూ మీరలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? ఎప్పుడైనా ఇంట్లో ఎవరూ లేనప్పుడు మీటను ఎడమకు తెచ్చి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ కుడికి తిప్పుతాను. ఈ ఇంట్లో ఆయన మాన్పకుండా వదిలిన టక్కు అదొక్కటే. అది నాకు వినపడాలి.